ద్రాక్షతీగకు శీతాకాలపు కత్తిరింపు: చెన్నై పరిసరాల్లో ఎప్పుడు, ఎందుకు, ఏ విధంగా

కోయంబేడు మార్కెట్టుకు సరుకు తీసుకువెళ్ళే సరిహద్దు గ్రామాల వారికి ఒక విషయం అనుభవంలో ఉన్నదే. మామిడికి ఒక కాలముంది, సీతాఫలానికి ఒక కాలముంది. నల్లని పన్నీరు ద్రాక్షకు మాత్రం కాలమంటూ లేదు. ఏ నెలలో వెళ్ళినా పండ్ల అంగళ్ళలో ఏదో ఒక మూల ఆ బుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. అయితే అదే తీగను తెచ్చి సత్యవేడులోనో, తడలోనో, గుమ్మిడిపూండిలోనో ఇంటి ముందు పందిరికి ఎక్కించుకున్న కుటుంబాలలో చాలామందికి ఏళ్ళు గడిచినా దట్టమైన నీడ తప్ప గుత్తి కనిపించదు. ఎరువు చాలలేదేమోనని మరింత ఎరువు వేస్తారు. నీరు చాలలేదేమోనని రోజూ నీరు పోస్తారు. తీగ ఇంకా పచ్చగా పెరుగుతుంది, కాయ మాత్రం రాదు.

అక్కడ ఏడాది పొడవునా కాయడానికీ, ఇక్కడ ఎన్నడూ కాయకపోవడానికీ కారణం ఒక్కటే. అది కత్తిరింపు. ద్రాక్షను కత్తిరించవలసిందేనని అందరూ వినే ఉంటారు. ఎప్పుడు కత్తిరించాలన్న దగ్గరే తికమక మొదలవుతుంది. విదేశీ పుస్తకాలు చలికాలంలో అంటాయి. హైదరాబాదు వైపు బంధువులు అక్టోబరులో అంటారు. తేని జిల్లా రైతు ఎప్పుడైనా సరే అంటాడు. ఎవరి ప్రాంతానికి వారి మాట సరైనదే. చెన్నై తీరానికి మాత్రం ఈ మూడింటిలో ఏదీ ఉన్నదున్నట్టు పనికిరాదు.

చలి దేశాల లెక్క

ద్రాక్ష స్వభావరీత్యా సమశీతోష్ణ మండలపు తీగ. ఫ్రాన్సు, ఇటలీ వంటి దేశాలలో దాని ఏడాదిని వాతావరణమే నడుపుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కన్నులు విచ్చుకుంటాయి. మే, జూన్ నెలల్లో పూత, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోత. నవంబరులో ఆకు రాలుతుంది. ఆకులలో తయారైన పిండిపదార్థం అప్పటికే కొమ్మలలోకి, మొదలులోకి, వేళ్ళలోకి చేరి నిలువ ఉంటుంది. తీగ నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగా, డిసెంబరు నుండి మార్చి లోపల, గత సంవత్సరం పెరిగిన కొమ్మలలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు కోసివేస్తారు. వసంతంలో మిగిలిన కొద్ది కన్నులకే వేళ్ళ బలమంతా అందుతుంది. శీతాకాలపు కత్తిరింపు అన్న మాట పుట్టింది అక్కడే. మన దేశంలోనూ పంజాబు వంటి ఉత్తరాది రాష్ట్రాలలో ఇదే పద్ధతి నడుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒకసారి కోత కోస్తే జూన్‌లో ఒక పంట వస్తుంది.

దక్షిణాదిలో ఆ చలి లేదు. చెన్నైలో జనవరి రాత్రులలో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల పరిసరాల్లోనే ఉంటుంది. తీగకు ఆకు పూర్తిగా రాలదు, నిద్ర పట్టదు. వదిలేస్తే కొసలు పెరుగుతూనే ఉంటాయి. కొస కన్ను మాత్రమే ముందుకు సాగి, కింది కన్నులను అణచి ఉంచుతుంది. బలమంతా పొడవుకూ, ఆకుకూ పోతుంది. కనుక ఇక్కడ చలి చేయవలసిన పనిని కత్తెర చేయాలి. కొమ్మను కోసిన రోజే తీగకు కొత్త సంవత్సరం మొదలవుతుంది.

మూడు ప్రాంతాలు, మూడు పద్ధతులు

సలేం, మదురై జిల్లాలకు ద్రాక్షను క్రైస్తవ మిషనరీలు 1832 ప్రాంతంలో తీసుకువచ్చినట్లు ఉద్యాన శాస్త్రవేత్తలు రాశారు. హైదరాబాదు రాజ్యంలో అది ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో నిజాం పాలనలో వ్యాపించింది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్‌షాహి తోటలు ఒకనాడు విరివిగా ఉండేవి. నగరం పెరిగి ఆ భూములలో చాలా భాగం ఇళ్ళ స్థలాలుగా మారింది గానీ, అక్కడ రూపుదిద్దుకున్న సాగు పద్ధతి మాత్రం నిలిచింది. ఆ పద్ధతిలో ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకే పంట. ఏప్రిల్‌లో ప్రతి కొమ్మను ఒకటి రెండు కన్నుల వరకు కురచగా కోస్తారు. వచ్చిన కొత్త కొమ్మలు వేసవి ఎండలో ముదురుతాయి. అక్టోబరులో ఆ ముదురు కొమ్మలను కాయ కన్నుల పైభాగాన కోస్తారు. ఫిబ్రవరి నుండి పండు చేతికి వస్తుంది. మహారాష్ట్రలోని నాసిక్, సాంగ్లి తోటలలోనూ ఇంచుమించు ఇదే క్రమం.

బెంగళూరు, కోలారు, చిత్తూరు ఎత్తుభూములు, కోయంబత్తూరు, మదురై ప్రాంతాలను ఉద్యాన శాస్త్రం మరొక మండలంగా చూస్తుంది. ఇక్కడ వేసవి మరీ తీవ్రంగా ఉండదు, చలీ అంతగా ఉండదు. బెంగళూరు బ్లూ, పన్నీరు వంటి రకాలు ఇక్కడ రెండు కత్తిరింపులకు రెండు పంటలు ఇస్తాయి. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు తెలుగు రైతులు గులాబి అని పిలిచేది, చెన్నైలో పన్నీరు ద్రాక్ష అనేది ఒకే రకం. దాని అసలు పేరు మస్కట్ హాంబర్గ్. పన్నీటి వాసన ఉన్నందున ఆ పేరు స్థిరపడింది.

ఈ పన్నీరుకు పుట్టినిల్లుగా పేరు తెచ్చుకున్నది తేని జిల్లా కంబం లోయ. కంభం చెరువు ఉన్న ఆంధ్ర కంభానికీ దీనికీ సంబంధం లేదు. పడమటి కనుమల చాటున ఉన్నందున ఆ లోయలో వానలు మితంగా ఉంటాయి. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట నీరు అందుబాటులో ఉంటుంది. అందుచేత ఒక రైతు ఈ నెల కత్తిరిస్తే పక్క రైతు వచ్చే నెల కత్తిరిస్తాడు. రెండేళ్ళలో ఐదు పంటలు తీసే తోటలు కూడా అక్కడ ఉన్నాయి. కోయంబేడులో ఏడాది పొడవునా నల్ల ద్రాక్ష కనిపించడం వెనుక ఉన్న సంగతి ఇది. కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

కన్నులో దాగిన గుత్తి

కత్తిరింపు తేదీ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కన్ను లోపల జరిగేది తెలియాలి. ద్రాక్ష గుత్తి కత్తిరింపు తర్వాత పుట్టేది కాదు. అంతకు కొన్ని నెలల ముందే, కొమ్మ లేతగా పెరుగుతున్న రోజులలోనే, ఆకు మొదట ఉన్న కన్నులో అది కంటికి కనబడనంత చిన్న రూపంలో ఏర్పడుతుంది. కత్తిరింపు జరిగిన 40 నుండి 70 రోజుల మధ్య కాలం దీనికి కీలకమైనది. ఆ సమయంలో కన్నులో పుట్టే చిన్న మొటిమ వంటి భాగం రెండు విధాలుగా మారగలదు. తగినంత వెలుతురు, వేడిమి, నిలువ ఆహారం ఉంటే అది గుత్తి అవుతుంది. లేకుంటే నులితీగగా మిగిలిపోతుంది. పందిరి తీగను చుట్టుకుని పట్టుకునే ఆ నులితీగ, పండ్ల గుత్తి ఒకే మూలం నుండి వచ్చినవే. అప్పుడప్పుడు నులితీగ చివర రెండు మూడు కాయలు వేలాడుతూ కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఇంటి పందిరి కాయకపోవడంలోని రహస్యం ఇక్కడే ఉంది. కత్తిరింపు లేని పందిరి మీద ఆకులు పొరలు పొరలుగా పేరుకుంటాయి. పై పొరకు ఎండ తగులుతుంది, కింది కన్నులు చీకట్లో ఉంటాయి. చీకట్లో ఉన్న కన్ను నులితీగనే ఇస్తుంది. పైగా రోజూ నీరు, అధికంగా యూరియా పడితే లేత పెరుగుదల ఆగదు, కొమ్మ ముదరదు. కాబట్టి కాయని తీగకు మరింత ఎరువు వేయడమంటే నీడను మరింత పెంచుకోవడమే.

మరొక సంగతి కూడా ఉంది. కొమ్మపై ఉన్న కన్నులన్నీ కాయవు. అడుగున ఉన్న ఒకటి రెండు కన్నులు సాధారణంగా ఆకు కొమ్మనే ఇస్తాయి. కాయ కన్నుల స్థానం రకాన్ని బట్టి మారుతుంది. పన్నీరు, పచ్చద్రాక్ష, బెంగళూరు బ్లూ, అనాబ్‌షాహి రకాలకు నాలుగు కన్నులు ఉంచి కోయాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేస్తున్నది. పెద్ద తోటలున్నవారు కత్తిరింపునకు ముందు కొన్ని కొమ్మలను ప్రయోగశాలకు పంపి, కన్నులను చీల్చి సూక్ష్మదర్శినిలో చూపించుకుంటారు. ఎన్నవ కన్నులో గుత్తి ఉందో తేలిన తర్వాతే కత్తెర పెడతారు. ఖర్చు కొద్దిపాటిదే. ఒక కన్ను కిందుగా కోసి పంటనంతా నేలపాలు చేసుకోవడంతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు.

చెన్నై తీరానికి తగిన తేదీలు

ఇక అసలు ప్రశ్న. ఈ తీరానికి వాన పడే తీరు హైదరాబాదుకు భిన్నమైనది. చెన్నైకి, దానిని ఆనుకుని ఉన్న గుమ్మిడిపూండి, ఊత్తుకోట, సత్యవేడు, తడ, సూళ్ళూరుపేట ప్రాంతాలకు ఏడాది వర్షంలో పెద్ద భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వల్ల వస్తుంది. హైదరాబాదు లెక్క ప్రకారం ఇక్కడ అక్టోబరు మొదట్లో కత్తిరిస్తే ఏమవుతుంది? పది రోజులకు కన్ను విచ్చుతుంది. నలభై రోజులకు, అంటే నవంబరు మధ్యలో, పూత వస్తుంది. సరిగ్గా అదే ముసురు కాలం. పుప్పొడి తడిసి పిందె నిలవదు. ఆకు అడుగున తెల్లటి బూజు తెగులు పట్టి, రెండు మూడు రోజులలో పూగుత్తులను కూడా మాడ్చివేస్తుంది. హైదరాబాదు నుండి మొక్కతో పాటు తేదీని కూడా తెచ్చుకున్నవారు నష్టపోయేది ఇందువల్లనే.

డిసెంబరు మొదటి పక్షం కూడా నమ్మదగినది కాదు. 2015 డిసెంబరు మొదట్లో వరదలు, 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వానలు చెన్నైని, సరిహద్దు మండలాలను ఏ విధంగా ముంచెత్తాయో అక్కడివారికి చెప్పనవసరం లేదు.

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచించే క్రమంలో డిసెంబరు, జనవరి నెలలు వేసవి పంట కోసం కత్తిరించే కాలం, మే, జూన్ నెలలు వానాకాలపు పంట కోసం కత్తిరించే కాలం. మొదటి పంట ఏప్రిల్, మే నెలల్లో, రెండవది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కోతకు వస్తాయి. తీర ప్రాంతం వారు ఈ గడువులో చివరి భాగాన్ని ఎంచుకోవడం మేలు. ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగి, సంక్రాంతి పనులు మొదలయ్యే రోజులలో కత్తెర పట్టుకుంటే ఫిబ్రవరి చివరికి పూత వస్తుంది. అప్పటి నుండి మే వరకు ఆకాశం పొడిగా ఉంటుంది. తెగులు మందుల ఖర్చు తగ్గుతుంది, కాయకు తీపి ఎక్కుతుంది.

రెండవ కత్తిరింపును మాత్రం ఆలస్యం చేయరాదు. మే చివరి వారంలో కోస్తే సెప్టెంబరు నాటికి పండు దిగుతుంది. జూన్ చివరకు జరిపితే పండే సమయానికి అక్టోబరు వాన ఎదురవుతుంది, కాయలు పగిలి పులుస్తాయి. ఇంటి పందిరి వారు ఈ రెండవ పంట మీద ఆశ పెట్టుకోకుండా, మేలో అన్ని కొమ్మలను ఒకటి రెండు కన్నులకు కురచగా కోసి, కొత్త కొమ్మలను ఎండకు పరిచి ఉంచినా చాలు. జనవరిలో కాయవలసిన గుత్తి జూన్, జూలై ఎండలలోనే కన్నులో రూపు కట్టుకుంటుంది. ఆ రెండు నెలలలో పందిరిని పలుచగా ఉంచినవారికే జనవరి కత్తిరింపు ఫలిస్తుంది.

మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు ఎత్తుభూములలో రాత్రి చల్లదనం ఎక్కువ, తుపాను తాకిడి తక్కువ. అక్కడివారు చెన్నై తేదీలను కాక కోలారు, చిక్కబళ్ళాపురం రైతుల తేదీలను అనుసరించడం సబబు.

ధర సంగతి కూడా చెప్పుకోవాలి. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు మహారాష్ట్ర గింజలేని ద్రాక్ష మార్కెట్టును నింపివేస్తుంది. మే వచ్చేసరికి అది తగ్గుతుంది, కానీ మామిడి దిగుతుంది. కనుక అమ్మకం కోసం పందిరి వేయదలచినవారు రాతి స్తంభాలకు, ఇనుప తీగలకు అప్పు చేసే ముందు కోయంబేడులో పన్నీరు ధర నెలనెలా ఏ విధంగా మారుతున్నదో ఒక ఏడాది పాటు గమనించుకోవడం మంచిది.

కత్తెర పట్టే ముందు

కత్తిరింపునకు వారం పది రోజుల ముందు నీరు ఆపాలి. నేల తడిగా ఉండగా కోస్తే కోసిన చోటు నుండి నీరు బొట్టుబొట్టుగా కారుతుంది. తీగ చచ్చిపోతుందని కొందరు భయపడతారు. అది వేళ్ళ ఒత్తిడికి పైకెక్కిన నీరే, దానివల్ల తీగకు ప్రమాదం లేదు.

పెన్సిలు లావున, గోధుమ రంగు బెరడుతో, గుండ్రంగా ఉన్నది ముదురు కొమ్మ. దానికి నాలుగు కన్నులు ఉంచాలి. పచ్చగా, చదునుగా, సన్నగా ఉన్న కొమ్మను ఒకటి రెండు కన్నులకే కోయాలి. అది ఈసారి కాయదు, వచ్చే పంటకు కొమ్మనిస్తుంది. కన్నుకు పైన వేలి వెడల్పు ఉంచి, వాలుగా, ఒకే నొక్కులో కోయాలి. మొద్దు కొడవలితో కోస్తే కొమ్మ చీలి, ఆ చీలికలో తెగులు చేరుతుంది. ఎండు కొమ్మలు, మిగిలిన ఆకులు తీసివేయాలి. మొదలుపై ఊడిన బెరడును చేతితో రాలిస్తే అందులో దాగిన పిండినల్లి బయటపడుతుంది. తీసినదంతా పందిరి కింద వదలక దూరంగా తగలబెట్టాలి.

అదే రోజు ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లాలి. పది లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. రెండింటినీ వేరువేరు ప్లాస్టిక్ పాత్రలలో కరిగించి, తర్వాత కలపాలి. శుభ్రమైన ఇనుప చాకును అందులో ముంచితే రాగి పూత పట్టరాదు. పడితే మరికొంచెం సున్నం కలపాలి. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షను బాటసారులు కోసుకుపోకుండా ఈ నీలి పూత పూసేవారట. పూసిన తీగలకు బూజు తెగులు సోకకపోవడం గమనించి, మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో దీనిని మందుగా ప్రకటించాడు.

పెద్ద తోటలలో కన్నులన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సయనమైడ్ అనే మందును కత్తిరించిన వెంటనే కన్నులకు పూస్తారు. ఇది చర్మాన్ని కాల్చే విషం. చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా, ఉత్త చేతితో గుడ్డ ముంచి పూయించడం నేరంతో సమానం. మరీ ముఖ్యమైనది, ఈ పనికి ముందూ తర్వాతా కొన్ని రోజుల పాటు మద్యం ముట్టరాదు. ఈ మందు శరీరంలో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడ పుట్టి, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. ద్రాక్ష తోటలకు కూలికి వెళ్ళే వారున్న ఇళ్ళలో ఆడవారు ఈ మాటను గట్టిగా చెప్పి పంపవలసి ఉంటుంది. ఇంటి పందిరికి ఈ మందు అవసరమే లేదు.

ఆ తర్వాతి నాలుగు నెలలు

కత్తిరించిన ఎనిమిది నుండి పన్నెండు రోజులలో కన్ను ఉబ్బి విచ్చుకుంటుంది. నాలుగైదు ఆకులు వచ్చేసరికి చిన్న పూగుత్తి కనిపిస్తుంది. గుత్తి లేని సన్న కొమ్మలను అప్పుడే తుంచివేయాలి. కొమ్మకు పన్నెండు పదిహేను కన్నులు వచ్చాక కొసను గిల్లాలి, నులితీగలను తీసివేయాలి. ముప్పై అయిదు నుండి నలభై అయిదు రోజులకు పూత. పిందెలు బఠాణీ గింజంత అయినప్పుడు బిగుతుగా ఉన్న గుత్తులలో అయిదింట ఒక వంతు కాయలను చిన్న కత్తెరతో తీసివేస్తే మిగిలినవి లావెక్కుతాయి. పిల్లలకు ఈ పని అప్పగించవచ్చు, వారి వేళ్ళు సన్నగా ఉంటాయి. కాయ మెత్తబడి రంగు తిరగడం మొదలైన తర్వాత నీరు తగ్గించాలి, పందిరికి వల కప్పి ఉడుతలను, గోరువంకలను ఆపాలి.

ద్రాక్ష కోసిన తర్వాత పండదు. మామిడి వలె గడ్డిలో మాగవేయడం కుదరదు. గుత్తి కొనన ఉన్న కాయ తియ్యగా ఉందంటే గుత్తి అంతా సిద్ధమైనట్లే.

తీరంలో బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్ళవారు సొంత వేళ్ళ మొక్కకు బదులు డాగ్‌రిడ్జ్ వేరుమొక్కపై అంటు కట్టినదాన్ని తెచ్చుకోవాలి. అది ఉప్పును కొంతవరకు తట్టుకుంటుంది. మంచి నీరున్నవారికి ఆ ఖర్చు అక్కరలేదు. కత్తిరింపులో రాలిన ముదురు కొమ్మలలో తెగులు లేనివాటిని ఏరి, నాలుగు కన్నుల చొప్పున ముక్కలు చేసి, కింది కొసను కన్నుకు దిగువన అడ్డంగా, పై కొసను వాలుగా కోసి, ఇసుక కలిపిన మట్టి సంచులలో నీడన నాటితే జూన్, జూలై నాటికి వేళ్ళు పట్టిన మొక్కలు సిద్ధమవుతాయి. తొలకరికి వాటిని గుంతలలో పెట్టుకోవచ్చు, ఇరుగుపొరుగుకు పంచనూవచ్చు.